పరికరం క్షేమం

నా మీద రెండు అభియోగాలు ఉన్నాయి. మొదటిది, ప్రభుత్వం వారి వినికిడి పరికరాన్ని ఒక చెవిటి మనిషి చెవిలో పెట్టించి ఆమెకు వినపడేలా చేశాను. రెండోది, అదే పరికరానికి తడి తగలనిచ్చాను. పదిహేను రోజుల్లోగా రాతమూలకంగా సంజాయిషీ ఇవ్వాలన్నారు. ఒకటిన్నర పేజీలో ఇచ్చాను. అందులో పట్టనివి ఇక్కడ చెబుతున్నాను. ఇరవై ఆరేళ్ళ సర్వీసులో నా మీద పడ్డ మచ్చ ఇదొక్కటే కాబట్టి దాన్ని నలుగురూ సరిగ్గా చూడాలని నా కోరిక.

నా పేరు మద్దిలేటి. వినికిడి సహాయ విభాగం జిల్లా కార్యాలయంలో సీనియర్ అసిస్టెంటుని. మాది నాపరాళ్ళ ఊరు. ఊరి చుట్టూ రాయి కోసే మిషన్లు, పాలిష్ పట్టే మిల్లులు. పొద్దున ఆరింటికి రంపం రాయిని తాకిందంటే ఆ కీచుమనే మోత చీకటి పడేదాకా ఆగదు. ఇరవై ఏళ్ళు అందులో పనిచేసిన మనిషితో మాట్లాడాలంటే చెవి దగ్గర నోరు పెట్టి అరవాలి. అలాంటివాళ్ళు ఊళ్ళో వీధికి పదిమంది. అందుకే మా విభాగం పెట్టారు. పెట్టాక నూట నలభై పరికరాలు కూడా పంపించారు, అది మాత్రం మేమెవరమూ ఊహించలేదు.

పంచాం. చెవి పరీక్షలు చేసే నజ్మా అనే అమ్మాయి నాలుగు రోజులు కూర్చుని ఒక్కొక్కరికి చెవి కొలత తీసింది, శబ్దం సరిచేసింది, పరికరం ఎలా చూసుకోవాలో పక్కన కూర్చుని చెప్పింది. స్నానానికి ముందు తీసెయ్యాలి. పడుకునేటప్పుడు తీసెయ్యాలి. నూనె చేత్తో ముట్టుకోకూడదు, పొయ్యి పక్కన పెట్టకూడదు. పొడి మెత్తటి గుడ్డతో తుడవాలి. వాడనప్పుడు బ్యాటరీ మూత తెరిచి ఉంచాలి. బ్యాటరీ బొట్టుబిళ్ళంత ఉంటుంది, పిల్లలు మింగితే ప్రాణం మీదికి వస్తుంది, కాబట్టి వాళ్ళకి అందనీయకూడదు. చెప్పి ఊరుకోలేదు, ప్రతి మనిషి చేతా ఒకసారి పెట్టించి, తీయించి, మూత తెరిపించి మరీ పంపింది.

ఆ నెల మా ఊరు వేరేగా ఉండింది. సంతలో బేరాలు మామూలు గొంతుతో జరిగాయి. కొన్ని ఇళ్ళల్లో కోడళ్ళు ఇన్నేళ్ళూ ఏమనుకుంటూ వచ్చారో అత్తలకు తెలిసిపోయి చిన్న చిన్న పంచాయితీలు కూడా అయ్యాయి. అవి తప్ప నష్టం ఏమీ లేదు. నూట నలభైలో మూడే మూడు పోయాయి. ఒకదాన్ని కుక్క కొరికింది, ఒకరు తీయడం మరిచిపోయి తల మీద చెంబుడు నీళ్ళు పోసుకున్నారు, ఇంకొకాయన పెళ్ళిలో సాంబారు వడ్డిస్తూ బక్కెట్లోకి వంగాడు.

నెల తిరిగాక రాజధానిలో సమీక్షా సమావేశం జరిగింది. దానికి మా సహాయ సంచాలకులు చిదానందం గారు వెళ్ళారు. ఎన్ని పరికరాలు క్షేమంగా ఉన్నాయని పైవారు అడిగారట. నూట ముప్పై ఏడు అని ఈయన చెప్పారు. మిగతా మూడూ అన్నారట పైవారు. ఎంతమందికి వినపడుతోంది అన్న ప్రశ్న ఎవరికీ తట్టలేదు. పాపం ఈయన దగ్గర దానికి జవాబు కూడా సిద్ధంగా ఉండింది.

చిదానందం గారి గురించి నేను చెడ్డగా చెప్పను. పైసా ముట్టని మనిషి, గొంతు పెంచి ఎరగడు. ఆయనకున్నది ఒకటే బలహీనత, వస్తువు పాడవకూడదు. పాత ఆఫీసు నుంచి వెంట తెచ్చుకున్న ఆయన కుర్చీకి ఏడేళ్ళు, దాని ప్లాస్టిక్ కవరు ఇంకా విప్పలేదు. ఎండాకాలం ఆయన లేచి నిలబడితే కుర్చీ చొక్కాతో పాటు లేచేది. ఏసీ రిమోటు పాలిథిన్ సంచిలో, ఆ సంచి ఇంకో సంచిలో ఉండేది, ఏ బటన్ నొక్కుతున్నామో దేవుడికే తెలియాలి. మనమేం తక్కువ తినలేదు లెండి. మన ఇళ్ళల్లో పూల పూల కప్పులు చుట్టాలొచ్చేదాకా బీరువా దిగవు, ఆ స్థాయి చుట్టాలు ఎప్పటికీ రారు. కాకపోతే మనం కప్పులతో ఆగుతాం.

రాజధాని నుంచి దిగిన మర్నాడే ఆయన పరికరంతో పాటు వచ్చిన చిన్న కరపత్రాన్ని తెప్పించుకుని ఇరవై రెండు నిబంధనల ఉత్తర్వు తయారుచేశారు. కరపత్రంలో చేయకండి అన్నచోటల్లా ఉత్తర్వులో చేసిన యెడల అని వచ్చింది. చివర్న, లబ్ధిదారులు భద్రతా శిక్షణ పొందు నిమిత్తం తమ తమ పరికరములతో సహా హాజరు కావలెను అని ఉంది. దండోరా వేయించాం. నూట ముప్పై ఏడు మందీ వచ్చారు, ఒక్కరూ మానలేదు. అందరికీ వినపడింది మరి.

శిక్షణ కల్యాణమండపంలో. నాలుగో నిబంధన ప్రకారం గుంపుగా ఉన్నచోట పరికరం కిందపడే ప్రమాదం ఉంది కాబట్టి గుమ్మం దగ్గరే తీయించి దాచాలన్నారు. దాచడానికి పెట్టెలు లేవు. పక్క హోటలు నుంచి ఇడ్లీ ప్లేట్లు తెప్పించి, ఒక్కో గుంటలో గుడ్డ వేసి, ఒక్కో పరికరం పెట్టి, నంబరు చీటీ అంటించాం. నేనే దగ్గరుండి చేయించాను. చూడటానికి చాలా పద్ధతిగా ఉండింది.

అలా అందరి చెవులూ ఖాళీ అయ్యాక చిదానందం గారు మూడు గంటలు మాట్లాడారు. వినికిడి పరికరమును వాడుటయందు పాటించవలసిన జాగ్రత్తలు అన్న విషయం మీద అంత మంచి ఉపన్యాసం నేను వినలేదు. వాళ్ళూ వినలేదు. పెద్దమనిషి నిలబడి మాట్లాడుతున్నాడు కదా అని మర్యాదగా చేతులు కట్టుకుని కూర్చున్నారు, మా అటెండరు చప్పట్లు కొట్టినప్పుడల్లా కొట్టారు. భోజనాలయ్యాక మౌఖిక పరీక్ష. మనిషికి ఇరవై ప్రశ్నలు. ఒకరు జవాబుగా ఊరి పేరు చెప్పారు, ఒకామె ఆధార్ కార్డు తీసి చూపించింది. పాత మిల్లు మేస్త్రీ ఓబులేసు ఒక్కడే ఇరవైకి ఇరవై తెచ్చుకున్నాడు. ఏమడిగినా తీసేస్తా సార్ అన్నాడు. ఇరవై ప్రశ్నలకీ సరైన జవాబు అదే.

మిగతావాళ్ళందరూ ఫెయిలయ్యారు కాబట్టి, అవగాహన కలిగేవరకు పరికరాలు కార్యాలయంలోనే ఉంచాలని తీర్మానం అయింది. ఓబులేసుది కూడా ఉంచారు, ఉత్తమ లబ్ధిదారుడి పరికరమని మధ్య అరలో పెట్టారు. ఆ సాయంత్రం నజ్మా చిదానందం గారి గదిలోకి వెళ్ళి, వాళ్ళ మిషన్లు ప్లేట్లలో పెట్టి వాళ్ళకి పాఠం చెప్పారు కదా సార్, ఎలా తెలుస్తుంది అని అడిగింది. ఆయన కోప్పడలేదు. శ్రద్ధ ఉన్నవారికి పరికరంతో నిమిత్తం లేదమ్మా అన్నారు. వారం తిరక్కుండా ఆమెను పక్క జిల్లాకు డెప్యుటేషన్ మీద పంపించారు.

ఇక బీరువా సంగతి. గోద్రెజ్ సైజు ఇనుప బీరువా, తాళం నా దగ్గర. ప్రతి పెట్టెలో తేమ పీల్చే పొట్లం, అరకొక థర్మామీటరు, బయట నో టచ్ అని ఎర్ర అక్షరాలు. కుక్క లేదు, సాంబారు లేదు, చెంబు లేదు. నెలాఖరు నివేదికలో పరికర భద్రత నూరు శాతం అని రాసి పంపాం. పై నుంచి అభినందన లేఖ వచ్చింది. దాన్ని లామినేషన్ చేయించారు.

ఆ అభినందన లేఖ గోడకెక్కిన రోజే సుంకులమ్మ వచ్చింది. యాభై ఆరేళ్ళ మనిషి. పాలిష్ మిల్లులో ఇరవై రెండేళ్ళు బండలందించింది. కూతురు ఈశ్వరి ఆసుపత్రిలో ఆయా, పొద్దున వెళితే సాయంత్రం ఆరింటికి గానీ రాదు. అల్లుడు రాళ్ళ లారీ తోలతాడు, నెలలో వారం ఇంట్లో ఉంటే గొప్ప. వాళ్ళ పది నెలల పాప చందనని పగలంతా చూసుకునేది ఈమే. పరికరం రాకముందు ఒకరోజు ఈమె గుమ్మానికి వీపు పెట్టి శనక్కాయలు ఒలుస్తుంటే, పాప వెనకాల పాక్కుంటూ వెళ్ళి తలుపు సందులో వేలు పెట్టింది. గాలికి తలుపు పడింది. పాప గొంతు బొంగురుపోయేదాకా ఏడ్చింది. రెండిళ్ళ అవతల నుంచి ఎవరో పరుగెత్తుకొచ్చి చూపిస్తే గానీ ఈమెకు తెలియలేదు, అప్పటికి ఒలిచిన గింజలు చేట నిండాయట. పాప చిటికెనవేలి గోరు ఇప్పటికీ వంకరే.

ఆ తర్వాత ఈమె పాపకి వీపు చూపించడం మానేసింది. పాప నిద్రపోయినా కళ్ళార్పకుండా ఎదురుగా కూర్చునేది. వంట లేదు, పెంట లేదు, అన్నీ కూతురు వచ్చాకే. పరికరం ఉన్న ఆ ఒక్క నెలా మనిషిలా బతికానని నాతో చెప్పింది. పొయ్యి వైపు తిరిగి నిలబడి వండుకుంటూ, పాప వెనకాల ఊ అన్నా ఆ అన్నా తెలిసేదట.

పరికరం తిరిగి ఇమ్మని దరఖాస్తు రాసి తెచ్చింది. చిదానందం గారు పూర్తిగా చదివారు. కుటుంబ సభ్యుల వివరాల దగ్గర ఆగి, ఎర్ర పెన్నుతో గీత గీశారు. పదిహేడో నిబంధన, బ్యాటరీలు చిన్నపిల్లలకు అందరాదు. ఈమె ఇంట్లో చిన్నపిల్ల ఉంది. కనుక ఈమె ఇంటికి పరికరం ఇవ్వరాదు. ఈ సంగతి నన్ను ఆమె చెవిలో చెప్పమన్నారు. వంగి గట్టిగా చెప్పాను. ఆమె కాసేపు నా మొహం చూసింది, నేనేదో తప్పు చెప్పానేమో అన్నట్టు.

"పిల్ల ఉండాదనే కదప్పా మిసను అడుగుతాండేది" అంది.

చిదానందం గారు ఆ మాట విని, ఆమె వాదనలో ఆవేదన ఉంది గానీ నిబంధన లేదు మద్దిలేటీ అన్నారు. నిజానికి ఆ వాక్యం ఆయనకే బాగా నచ్చింది, తర్వాత రెండు ఫైళ్ళలో వాడారు.

ఆమె ఊరుకునే రకం కాదు. సోమవారం గ్రీవెన్సులో కలెక్టరు గారి ముందు కూర్చుని, లేవనంది. దాని ఫలితంగా వినికిడి వేళలు వచ్చాయి. పని దినములలో ఉదయం పదకొండు నుంచి మధ్యాహ్నం ఒంటి గంట వరకు, ఎవరి పరికరం వారు మా ఆఫీసులోని చెక్క బల్ల మీద కూర్చుని ధరించవచ్చు. రిజిస్టరులో పేరు, సమయం, ఏ చెవి, ఏమి విననున్నారు అని గళ్ళు. ఓబులేసు ఏదైనా అని రాశాడు, నిర్దిష్టంగా లేదని తిప్పి పంపాం. ఒకాయన భార్య మాట అని రాసి ఆవిడను వెంటబెట్టుకొచ్చాడు. ఆవిడ రెండు గంటలూ వదలకుండా మాట్లాడింది. మర్నాటి నుంచి ఆయన రాలేదు. క్రమంగా అందరూ మానుకున్నారు. ఫ్యాను చప్పుడూ ప్రింటరు చప్పుడూ వినడానికి ఆటో ఎక్కి ఎవరొస్తారు చెప్పండి.

సుంకులమ్మ మాత్రం రోజూ పదకొండుకి వచ్చేది, పాపని చంకనేసుకుని. ఏమి విననున్నారు అన్న గడిలో పాప అని రాయించేది. బల్ల మీద పాపని ఎదురుగా కూర్చోబెట్టుకుని రెండు గంటలు అది కూసిన కూతలన్నీ వినేది. అది అవ్వ అని మొదటిసారి పిలిచింది ఆ బల్ల మీదే. సుంకులమ్మ మా అందరి వైపు చూసింది, విన్నారా అన్నట్టు. ప్రింటరు ఆపి మరీ విన్నాం.

మూడో రోజు చిదానందం గారు గది దాటి వచ్చి పాపని చూశారు. బ్యాటరీలున్న గదిలో చిన్నపిల్ల. పదిహేడో నిబంధన. పాప వరండాలో ఉండాలి, పరికరం లోపల ఉండాలి అన్నారు. అప్పటి నుంచి సుంకులమ్మ లోపల గుమ్మం దగ్గర కూర్చుని, పరికరమున్న చెవి బయటికి తిప్పి వినేది. ఫ్యాను ఆపమని బతిమాలేది, ఆపేవాళ్ళం. ఒక గురువారం పాప వరండా మెట్టు మీద నుంచి జారింది. అది ఏడుపు అందుకునే లోపలే ఈమె లేచి, ఒక్క అంగలో బయట ఉంది. పాపకి ఏమీ కాలేదు. పరికరం మాత్రం గడప దాటింది.

ప్రభుత్వ పరికరమును అనుమతి లేని ప్రదేశమునకు తరలించినందున పదిహేను దినములు వినికిడి నిలుపుదల చేయడమైనది అని ఉత్తర్వు వచ్చింది. దాన్ని టైపు చేసింది నేనే. టైపు చేస్తుంటే కోపం వచ్చింది. కోపమొస్తే నేను అరవను, నాకు చేతకాదు. సాయంత్రం ఆఫీసు మూసేటప్పుడు బీరువా తెరిచి, ఆమె పేరు మీదున్న ఎనభై రెండో నంబరు పరికరం తీసి జేబులో వేసుకుని, ఖాళీ పెట్టె మళ్ళీ అక్కడే పెట్టి తాళం వేశాను. దారిలో సుంకులమ్మ ఇంటి దగ్గర ఆగి ఆమె చేతిలో పెట్టాను. చూసుకుని వాడు అన్నాను. అంతే.

ఇక్కడ ఒక మాట చెప్పి తీరాలి. ఆ రెండు నెలలూ ఆ పరికరాన్ని ఆమె చూసుకున్నట్టు మా విభాగంలో ఒక్కరు ఒక్క ఫైలునైనా చూసుకుని ఉంటే రాష్ట్రం బాగుపడేది. స్నానం చేసి జుట్టు పూర్తిగా ఆరాకే పెట్టుకునేది. పడుకోబోయే ముందు పాత చీర ముక్కతో తుడిచి, బ్యాటరీ మూత తెరిచి, గట్టి మూత ఉన్న స్టీలు డబ్బాలో పెట్టేది. కొత్త బ్యాటరీలు ఇంకో డబ్బాలో, ఆ డబ్బా దూలానికి కొట్టిన మేకుకి. అయిపోయిన బ్యాటరీ ఇంట్లో ఒక్క పూట కూడా ఉంచకుండా కొంగున కట్టుకుని తెచ్చి నా చేతికిచ్చేది. నజ్మా ఆ రోజు పక్కన కూర్చుని చెప్పినవే ఇవన్నీ. ఆమెకు మా శిక్షణ ఒక్క ముక్కా అందలేదు కాబట్టి అవి చెడిపోకుండా గుర్తున్నాయి.

నూరు శాతం భద్రత సాధించిన జిల్లాకు పురస్కారం అన్నారు. తనిఖీ బృందం వచ్చింది. పెట్టెలు లెక్కపెట్టారు, నూట ముప్పై ఏడు. చిదానందం గారి మొహం వెలిగింది. తెరవమన్నారు. ఎనభై రెండో పెట్టెలో తేమ పీల్చే పొట్లం ఒక్కటే ఉంది. ఎక్కడుందని అడిగారు. సుంకులమ్మ చెవిలో ఉందన్నాను. బృందంలో ఒక పెద్దాయన మెల్లిగా, అంటే వాడకంలో ఉందా అని అడిగాడు, ఏదో జబ్బు పేరు అడిగినట్టు.

మనిషిని పిలిపించి పరికరం చూశారు. గీత పడలేదు, మురికి లేదు, భేషుగ్గా పనిచేస్తోంది. బీరువాలోవి కూడా చూశారు. నలభై ఒకటి పనిచేయలేదు. బ్యాటరీలు లోపలే ఉండిపోయి, కారి, తుప్పు పట్టాయి. ఎందుకు తీయలేదంటే, లబ్ధిదారుడు బ్యాటరీ తీయవలెను అని పన్నెండో నిబంధన, బీరువాలో లబ్ధిదారుడు ఎవడూ లేడు. నివేదికలో ఆ నలభై ఒకటికీ నిల్వలో సహజ క్షీణత అని రాశారు. ఎనభై రెండో నంబరుకి దుర్వినియోగం అని రాశారు. పురస్కారం పక్క జిల్లాకు పోయింది. వాళ్ళు అట్టపెట్టెలు విప్పనే లేదట.

నా మీద విచారణ అయిదో రోజునే పెట్టారు. విచారణాధికారి త్రివిక్రమరావు గారు, పెద్ద మీసాలు, ఇంకా పెద్ద భాష. పరికరాన్ని సాక్ష్యంగా పారదర్శకమైన కవర్లో పెట్టి, లక్కతో సీలు వేసి, బల్ల మీద ఉంచారు. బ్యాటరీ తీయలేదు, మూత తెరవలేదు. తీస్తే సాక్ష్యాన్ని తారుమారు చేసినట్టు అవుతుందట. అందుచేత ఎవరైనా దాని మీద ఫైలు ఆనించినప్పుడల్లా కవర్లోంచి అది సన్నగా ఈల వేసేది. త్రివిక్రమరావు గారు రెండుసార్లు నా వైపు అనుమానంగా చూశారు. అయిదు రోజులైనా ఇంకా ప్రాణంతో ఉంది కదా అని నాకు మాత్రం సంతోషమైంది.

సుంకులమ్మని సాక్షిగా పిలిచారు. కూతురికి సెలవు దొరకలేదు, అందుకని పాపతోనే వచ్చింది. బ్యాటరీ ఉన్న గదిలోకి పిల్ల రాకూడదు కాబట్టి, నిద్రపోతున్న పాపని వరండా బల్ల మీద కొంగు పరిచి పడుకోబెట్టి లోపలికి వచ్చింది. గుమ్మానికి వీపు పెట్టి కూర్చోబెట్టారు. సాక్షికి ఎవరూ సైగ చేయరాదు, చెవి దగ్గరకు వెళ్ళరాదు, అట్లు చేసిన యెడల సాక్షిని ప్రలోభపెట్టినట్లు పరిగణించబడును అని త్రివిక్రమరావు గారు ముందే చదివారు. సదరు పరికరమును మీరు మీ ఇచ్ఛాపూర్వకముగా ధరించితిరా అని మొదటి ప్రశ్న వేశారు. ఆమె ఆయన మీసాలకేసి చూసింది. పెదాలు కనపడలేదు. అయినా ఏదో అడిగారు కదా, చెప్పాలి కదా అని తను చెప్పదలుచుకున్నది చెప్పింది.

"మద్దిలేటి సార్ తప్పేం ల్యాదు సార్. పాప ఏడిస్తే నాకు తెలియల్ల. అంతకు మించి నాకేమొద్దు."

ప్రశ్నకు సంబంధం లేని జవాబు అని రాసుకున్నారు.

రెండో ప్రశ్న సగంలో ఉండగా బయట పాప లేచింది. మొదట ఊ అంది, తర్వాత ఏడుపు ఎత్తుకుంది. గదిలో ఉన్న మిగతా ఆరుగురికీ వినపడింది. సుంకులమ్మ త్రివిక్రమరావు గారి మీసాల వైపే చూస్తూ, తర్వాతి ప్రశ్న కోసం కుదురుగా కూర్చుంది. నేను చిదానందం గారి వైపు చూశాను. ఆయన త్రివిక్రమరావు గారి వైపు చూశారు. బయటి శబ్దముల వలన విచారణకు అంతరాయం కలుగుచున్నది, తలుపు మూయుడు అన్నారు త్రివిక్రమరావు గారు. చిదానందం గారే లేచి వెళ్ళి తలుపు మూశారు. గొళ్ళెం కూడా పెట్టారు.

తలుపు అవతల ఏడుపు సాగింది. ఆ బల్లకి అంచు కట్ట లేదు, వెడల్పు మూడు జానలు. ఆ సంగతి మా అందరికీ తెలుసు. మూడో ప్రశ్న మొదలైంది. అంతలో బయట దభీమని చప్పుడయింది. ఏడుపు ఒక్క క్షణం ఆగిపోయింది.

ఆగిన ఆ క్షణమే నన్ను లేపింది. నేను బల్ల దగ్గరికి వెళ్ళి కవరు తీసుకుని, లక్క సీలు చింపి, పరికరం బయటికి తీశాను. మద్దిలేటీ అని చిదానందం గారు అంటున్నారు. మెత్తటి గుడ్డ లేదు, చొక్కా అంచుతో తుడిచాను. సుంకులమ్మ కుడిచెవిలో పెట్టాను. అది ఒకసారి ఈల వేసి సర్దుకుంది. బయట పాప గుక్క విడిచి మళ్ళీ ఏడ్చింది.

ఆమె మొహం మారడం నేను చూశాను. కుర్చీ వెనక్కి పడింది. గొళ్ళెం తీయడానికి ఆమెకు ఎంతసేపు పట్టిందో చెప్పలేను, తలుపు మాత్రం గోడకి కొట్టుకుంది. పాప బల్ల కింద బోర్లా పడి ఉంది. పెదవి చిట్లి రక్తం. ఎత్తుకుని కుడి భుజం మీద వేసుకుంది. పాప ఆమె చెవికి మొహం ఆనించి, వెక్కి వెక్కి ఏడ్చింది. ఆ ఏడుపంతా ఆమె ఒక్క ముక్క పోకుండా వింది. ఇంటూనే ఉండా తల్లీ, ఇంటూనే ఉండా అని అంటూనే ఉంది.

కొంగుతో పాప పెదవి అదిమి పట్టుకుని ఆమె మెట్లు దిగింది. ఆసుపత్రి వైపు నడిచింది, కూతురు అక్కడే కదా. చిదానందం గారు వరండాలోకి వచ్చి, అమ్మా ఆగు, పరికరం ఇచ్చి వెళ్ళు అని పిలిచారు. జీవితంలో మొదటిసారి ఆయన గొంతు పెరిగింది. గేటు దగ్గర ఆమె అడుగు ఒక్కసారి తడబడింది. తర్వాత ఇంకా వేగంగా నడిచింది. వెనక్కి తిరిగి చూడలేదు.

అదీ కథ. పాప పెదవికి రెండు కుట్లు పడ్డాయి, మానింది. రెండో అభియోగం ఆ సాయంత్రమే వచ్చింది, పరికరానికి తడి తగిలినందుకు. దానికి ఒక నమూనా కాగితం ఉంది. తడి స్వభావము, వాన, స్నానము, చెమట, ఇతరములు అని గళ్ళు. ఇతరములు దగ్గర టిక్కు పెట్టి, పాప కన్నీళ్ళు అని పక్కన రాశాను.

చిదానందం గారు మంచివారని ముందే చెప్పాను కదా. నన్ను గదిలోకి పిలిచి, కుర్చీ కవరు కరకరలాడుతుండగా కూర్చుని, ఉపాయం చెప్పారు. సంజాయిషీలో, అధికారి పిలిచినా ఆమె ఎందుకు ఆగలేదు అన్న చోట, వినపడక అని రాయవయ్యా అన్నారు. అట్లా రాస్తే ఆజ్ఞ ధిక్కారం ఉండదు. పరికరం పనిచేయట్లేదని దాన్ని నలభై రెండోదిగా క్షీణతలో కలిపేస్తాం. ఆమె మీదా కేసు ఉండదు, నీ మీదా ఉండదు, ఫైలు మూసుకుపోతుంది. చెవిటి మనిషికి వినపడలేదంటే ఎవరు కాదంటారు అన్నారు.

ఆ మాటలో నిజం లేకపోలేదు. ఇంటికి వెళ్ళి రెండు రోజులు ఆలోచించాను. ఇంక్రిమెంటు పోతుంది, రిటైర్మెంటుకి నాలుగేళ్ళు. కాగితం ముందు పెట్టుకుని చాలాసేపు కూర్చున్నాను.

మా విభాగం పెట్టి రెండేళ్ళయింది. ఇన్ని రిజిస్టర్లు, ఇన్ని నివేదికలు, నూరు శాతాలు, లామినేషన్లు. వాటిల్లో ఎక్కడా, ఎవరికైనా వినపడింది అన్న ముక్క లేదు. నేనే అన్నీ రాశాను కాబట్టి నాకు తెలుసు. ఆమె ఎందుకు ఆగలేదు అన్న చోట, ఆమెకు స్పష్టంగా వినపడింది అని రాసి, తేదీ వేసి సంతకం చేశాను.